చట్టం ఎవరి నోటికి బలమిస్తుంది?

ఏప్రిల్ 15 తెల్లవారుజామున విశాఖ ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి చూడండి. మిగతా రోజుల్లో ఆ వేళకి అక్కడ కాలు పెట్టడానికి చోటుండదు. ఐసు దిమ్మలు పగలగొట్టే చప్పుడు, వేలం పాటలు, తడి నేల మీద ఈడ్చుకెళ్లే ట్రేలు, నెత్తిన గంపతో ‘తప్పుకోండి, తప్పుకోండి’ అంటూ దూసుకొచ్చే ఆడవాళ్లు. ఆ రోజు మాత్రం మరబోట్లన్నీ పక్కలు రాసుకుంటూ వరసగా కట్టేసి ఉంటాయి. మనుషులు జెట్టీ మీద వలలు పరుచుకుని చిరుగులు కుట్టుకుంటూ కూర్చుంటారు. జూన్ 14 దాకా, 61 రోజులు, ఇంతే. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి తూర్పు తీరంలో మరబోట్లు, ఇంజను పడవలు వేటకు వెళ్లకూడదన్నది చట్టం.

తాళం వేద్దామంటే సముద్రానికి తలుపుల్లేవు. కాస్త లోపలికి పోతే ఏ బోటు ఎక్కడుందో ఒడ్డు మీద నిలబడ్డవాడికి కనబడదు. రెండు నెలలు రాబడి ఆగిపోతుంది. ప్రభుత్వం ఇచ్చే భృతి 2019లో 10,000 రూపాయలైంది, 2025లో 20,000 అయింది. వడ్డీకి తెచ్చిన అప్పులున్న ఇంట్లో రెండు నెలలకి అది ఏ మూలకి? అయినా ఆ నిషేధం ఏటా నిలబడుతోంది. దొంగచాటుగా వెళ్లేవాళ్లు ఒకరిద్దరు ఉంటారు, నిజమే. కానీ వందల బోట్లు ఆగుతాయి.

అక్కణ్ణుంచి జగదాంబ జంక్షన్ పెద్ద దూరమేమీ కాదు. అక్కడ బండ్ల మీద వెళ్లేవాళ్లని ఓ పది నిమిషాలు చూడండి. హెల్మెట్ చాలామంది దగ్గర ఉంటుంది. కొందరికి తల మీద, కొందరికి మోచేతికి, కొందరికి పెట్రోలు ట్యాంకు మీద. సిగ్నల్ దగ్గర పోలీసు కనబడగానే మోచేతిది నెత్తికెక్కుతుంది, మలుపు తిరగ్గానే మళ్లీ దిగిపోతుంది. హెల్మెట్ కాపాడేది ఆ మనిషి తలనే. పెట్టుకుంటే రూపాయి నష్టం లేదు. వేట నిషేధమైతే ఇంట్లో పొయ్యి దాకా వచ్చే కష్టం. కష్టమైన చట్టం నిలబడి, సుఖమైన చట్టం మోచేతికి ఎందుకు వేలాడుతోంది? ఒకే ఊరు, ఒకే ప్రభుత్వం, దాదాపు ఒకే రకం మనుషులు. కొన్నేళ్లుగా నన్ను వదలని ప్రశ్న ఇది.

ఎవర్ని అడిగినా మొదట వచ్చే జవాబు ఒకటే: ‘మనవాళ్లకి భయం లేదండీ, గట్టిగా వాయిస్తే అందరూ దారికొస్తారు.’ ఆ మాటలో కొంత నిజముంది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి హెల్మెట్ లేకపోతే వేసే జరిమానాని 100 నుంచి 1,000 రూపాయలకు పెంచారు, మూడు నెలలు లైసెన్సు రద్దు కూడా పెట్టారు. మద్యం తాగి బండి నడిపితే మొదటిసారికే 10,000 దాకా. జరిమానా పెరిగాక హెల్మెట్ల అమ్మకం పెరిగింది, వీధిలో తలల మీదా కనబడుతున్నాయి. కానీ భయం పోలీసు నిలబడ్డంత మేరే పనిచేస్తుంది. ఇటలీలో బెక్కారియా అనే ఆలోచనాపరుడు 1764లోనే ఈ సంగతి రాశాడు: శిక్ష ఎంత కఠినమన్నదాని కంటే, తప్పు చేస్తే శిక్ష పడి తీరుతుందన్న నమ్మకమే మనిషిని ఆపుతుందని. పట్టుబడతానో లేదో తెలియని చోట జరిమానాని పది రెట్లు పెంచినా మోచేతి హెల్మెట్ మోచేతికే ఉంటుంది. అమెరికాలో టామ్ టైలర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త షికాగో నగరవాసుల్ని ప్రశ్నించి మరో కోణం పట్టుకున్నాడు. శిక్ష భయం కంటే, పోలీసులూ కోర్టులూ తమతో న్యాయంగా వ్యవహరిస్తున్నాయన్న భావనే జనం చట్టానికి లోబడటానికి ఎక్కువ కారణమని. ఒకణ్ణి వదిలేసి మరొకణ్ణి ఆపే చోట చట్టం పరువు పోతుందని మనకి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

ఈ రెండూ కలిపినా హార్బర్ సంగతి పూర్తిగా తేలదు. చట్టం గురించి మాట్లాడేటప్పుడు మనం ఇద్దరినే లెక్కలోకి తీసుకుంటాం: తప్పు చేసేవాడు, పట్టుకునేవాడు. మూడోవాడు ఒకడున్నాడు. పక్కవాడు. అదే బెంచీ మీద కూర్చున్నవాడు, పక్క బోటు యజమాని, పక్క కొట్టువాడు, పెళ్లిలో తాంబూలం పుచ్చుకుని వెళ్లే చుట్టం. చట్టం నిలబడటం, పడిపోవడం ఆ పక్కవాడి నోటిని బట్టే ఎక్కువగా ఉంటుందని నా నమ్మకం. చట్టం వచ్చాక ఆ నోటికి కొత్తగా బలమొచ్చిందా? వస్తే, దాన్ని వాడటం వల్ల అతనికి లాభమా, నష్టమా? ఏ చట్టం తీసుకున్నా నేను ముందు అడిగే ప్రశ్నలు ఇవే.

సిగరెట్టు సంగతి చూడండి. బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగకూడదన్న చట్టం 2003లో వచ్చింది, దాన్ని గట్టిగా అమలు చేసే నియమాలు 2008 అక్టోబరు 2 నుంచి మొదలయ్యాయి. జరిమానా 200 రూపాయలకు మించదు. ఇన్నేళ్లలో ఆ జరిమానా కట్టినవాణ్ణి నేను కళ్లారా చూడలేదు. మరి ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు కోసం కూర్చునే బెంచీల మీద పొగ ఏమైపోయింది? నా చిన్నప్పుడు ఆ బెంచీల కింద సిగరెట్టు పీకలూ చుట్ట ముక్కలూ చీపురుకి దొరికేవి. పక్కన పసిపిల్లతో తల్లి కూర్చుని ఉన్నా చుట్ట ఆరేది కాదు. ఆవిడే మొహం తిప్పుకుని, కొంగు అడ్డం పెట్టుకుని, మరీ భరించలేకపోతే లేచి దూరంగా వెళ్లేది. అప్పట్లో వద్దని చెప్పడం అంటే పెద్దమనిషిని పట్టుకుని మాటనడం. ఇప్పుడు ఎవరైనా అగ్గిపుల్ల గీస్తే, ‘బాబూ, ఇక్కడ కాదు, బయటికెళ్లు’ అని ఏ ముసలావిడైనా అనేస్తుంది. అతను కూడా నొచ్చుకోకుండా లేచి వెళ్తాడు. పోలీసు రాలేదు, జరిమానా పడలేదు. లేచి వెళ్లాల్సిన మనిషి మారాడు, అంతే. చట్టం చేసిన అసలు పని అది. మర్యాద అనే తక్కెడలో అటువైపున్న బరువుని తీసి ఇటువైపు పెట్టింది.

అదే మనిషి కాంప్లెక్స్ బయటికొచ్చి టీ కొట్టు దగ్గర నిలబడి వెలిగిస్తాడు. అక్కడ ఎవరూ ఏమీ అనరు. కొట్టువాడు సిగరెట్లు అమ్ముకునేవాడు, చుట్టూ నిలబడ్డవాళ్లు కాల్చేవాళ్లు. అడిగే నోరు ఆ నాలుగు గజాల్లో లేదు కాబట్టి చట్టమూ లేదు.

మళ్లీ హార్బర్‌కి వద్దాం. నిషేధాన్ని నడి సముద్రంలో కాపలా కాయాలంటే ఏ ప్రభుత్వం వల్లా కాదు. కానీ చేప ఒడ్డుకి రావాలి కదా. రావాలంటే జెట్టీకి రావాలి. జెట్టీ మీద వలలు కుట్టుకుంటూ కూర్చున్న వందల కళ్ల ముందు దిగాలి. తాను ఆగి, అప్పుకి వడ్డీ కట్టుకుంటూ కూర్చున్నవాడు, పక్కవాడు రొయ్యలు దింపుకుంటుంటే చూస్తూ ఊరుకోడు. ఓ బోటు యజమానితో మాట్లాడితే ఆయన రెండు ముక్కల్లో తేల్చేశాడు: ‘అందరం ఆగితే ఆగినట్టు. ఒక్కడు ఎల్నాడంటే మిగతావోళ్లు ఎందుకాగాల?’ ఆ రెండు ముక్కల్లోనే ఈ చట్టం ఎందుకు నడుస్తోందో ఉంది.

గుడ్ల కాలంలో వేటాడితే వచ్చే ఏడాది చేప తగ్గుతుందన్న సంగతి జాలరికి అధికారుల కంటే బాగా తెలుసు. తెలిసినా ఒక్కడే ఆగలేడు. తాను వదిలిన చేపని పక్క బోటు పట్టుకుపోతుంది. అందరూ ఒకేరోజు ఆగుతారన్న హామీ ఎవరైనా ఇస్తే ఆగడానికి అతను సిద్ధంగానే ఉన్నాడు. చట్టం ఇచ్చింది ఆ హామీ. అందరికీ ఒకే తేదీ, ఒకే గడువు. అతిక్రమిస్తే బోటు పట్టుకోవడం, జరిమానా, డీజిల్ రాయితీ ఆపడం లాంటివి ఉన్నాయి. 2015లో గడువుని 61 రోజులకి పెంచారు, అప్పుడూ సణుగుతూనే ఆగారు. ఇంకో సంగతి కూడా ఉంది. జాలరి పల్లెల్లో ఊరి కట్టుబాటు అనేది చట్టం కంటే పాతది. ఎవరు ఎప్పుడు వల వెయ్యాలి, తగవొస్తే ఎవరు చెప్పాలి, తప్పు ఎంత కట్టాలి అన్నవి పెద్దలు కూర్చుని తేల్చుకునే అలవాటు తరాలుగా ఉంది. వేట నిషేధం ఆ అలవాటు పట్టాల మీద ఎక్కింది. పట్టాలు లేని చోట రైలు పెట్టినట్టు కాలేదు.

ఇదే సముద్రం మీద, ఇదే మనుషుల మధ్య మరో నియమం నెత్తురు కళ్లజూసింది. చేపల గుంపుని చుట్టూ చుట్టేసి పట్టే రింగు వలల మీద 2022 జనవరిలో మన తీరంలోనే జాలరి పల్లెల మధ్య ఘర్షణ జరిగి పడవలు తగలబడ్డాయి, 144వ సెక్షన్ పెట్టాల్సి వచ్చింది. ఒడ్డు నుంచి ఎంత దూరంలో ఎవరు వేటాడాలి, వల కన్ను ఎంత ఉండాలి అన్నవి కాగితం మీద ఉన్నాయి. తెప్పల మీద బతికేవాళ్లు ఆ కాగితాన్ని చూపించి ఆపమన్నారు. రింగు వల కొన్నవాళ్లు అదే కాగితంలో తమకున్న అనుమతిని చూపించారు. వేట నిషేధంలో ఆగడం అందరికీ సమానం. ఇక్కడ ఒకరు ఆగితే లాభం మరొకరిది. చట్టం రెండు పక్షాల నోటికీ బలమిచ్చి మధ్యలో నిలబడి తేల్చే మనిషిని ఇవ్వకపోతే, మాట పోయి చెయ్యి లేస్తుంది.

హెల్మెట్ దగ్గర కష్టం మరో రకం. అక్కడ అడిగే పక్కవాడే లేడు. నేను హెల్మెట్ పెట్టుకోకపోతే పక్క బండివాడికి పోయేదేమీ లేదు. అందుకే ఆ చట్టం నాకూ పోలీసుకీ మధ్య దాగుడుమూతలుగా మిగిలిపోయింది. 2024 సెప్టెంబరు 1 నుంచి విశాఖలో వెనక కూర్చునేవాళ్లకీ హెల్మెట్ ఉండాలని పట్టుబట్టడం మొదలుపెట్టాక మాత్రం చిన్న మార్పు చూస్తున్నాను. నిజానికి చట్టంలో అది ముందు నుంచీ ఉన్నదే. వెనక కూర్చున్న భార్యకో చెల్లికో ఇప్పుడు ఆ విషయంలో వాటా వచ్చింది. బండి ఎక్కేముందు ‘రెండోది తెచ్చారా?’ అన్న మాట మా అపార్టుమెంటు సెల్లారులో రోజూ వినబడుతోంది. ఇంట్లోవాళ్లు అడగడం మొదలైతే ఆ చట్టం జంక్షన్ దాటి ఇంటి గుమ్మంలోకి వచ్చినట్టే. తలకి దెబ్బ తగిలి పోయిన స్నేహితుడొకడు నాకున్నాడు. ఇంటికి కిలోమీటరు కూడా లేని చోట పడ్డాడు. ఆ గుమ్మంలో మాట అనడానికి అప్పట్లో ఎవరికైనా తోచి ఉంటే అని ఇప్పటికీ అనుకుంటాను.

జరిమానా పెడితే నడవడి చెడిపోయిన సందర్భం కూడా ఒకటుంది, విశాఖలో కాదు, ఇజ్రాయెల్‌లోని హైఫా నగరంలో. అక్కడ పిల్లల్ని పగలంతా చూసుకునే పది కేంద్రాల్లో ఇద్దరు ఆర్థికవేత్తలు, గ్నీజీ, రుస్టిచినీ, ఇరవై వారాలు పరిశీలన జరిపారు. సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్లడానికి తల్లిదండ్రులు ఆలస్యంగా వస్తున్నారని ఆరు కేంద్రాల్లో చిన్న జరిమానా పెట్టారు. ఆలస్యం తగ్గాల్సింది పోయి దాదాపు రెట్టింపైంది. తర్వాత జరిమానా ఎత్తేశారు. అయినా పెరిగిన ఆలస్యం పెరిగినట్టే ఉండిపోయింది. 2000లో అచ్చయిన ఈ పరిశీలన చట్టాలు రాసేవాళ్లందరూ చదవాల్సినది. జరిమానా లేనప్పుడు ఆలస్యంగా వచ్చిన తల్లి, ఇంటికెళ్లకుండా ఎదురుచూస్తున్న టీచరమ్మ మొహం చూసి సిగ్గుపడేది. టీచరమ్మ ఒక్క మాట అనకపోయినా ఆ చూపే ఒక నోరు. డబ్బు కట్టడం మొదలయ్యాక ఆ సిగ్గు అక్కర్లేకపోయింది. ఆలస్యం తప్పుగా ఉన్నది కాస్తా సరుకైంది, దానికో ధర వచ్చింది. ధర తీసేశాక కూడా సిగ్గు తిరిగి రాలేదు. ‘ఫైన్ కట్టేశాం కదా, ఇంకేంటి?’ అనే మాట మన దగ్గర ఎన్నిచోట్ల వినబడుతుందో ఆలోచిస్తే గుండె చివుక్కుమంటుంది. ఫుట్‌పాత్ మీదకి పెంచుకున్న కొట్టు, అనుమతి లేకుండా లేపిన అంతస్తు, అన్నిటికీ కట్టడానికి ఒక అంకె ఉంటే చాలు, పొరుగువాడికి అడగడానికి మాట మిగలదు.

మన తెలుగు నేల మీద దీనికి పాత చరిత్రే ఉంది. వితంతువులు మళ్లీ పెళ్లి చేసుకోవచ్చని బ్రిటిష్ ప్రభుత్వం 1856లో చట్టం చేసింది. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. మధ్యలో పాతికేళ్లు. ఆ పాతికేళ్లూ చట్టం ఉంది, చేసుకుంటామన్నవాళ్లని జైల్లో పెట్టేవాళ్లెవరూ లేరు. ఉన్నది వెలి. పురోహితుడు రాడు, వంటవాడు రాడు, నీళ్లు పోసేవాళ్లుండరు. చట్టం ‘చేసుకోవచ్చు’ అంది, ఊరు ‘చేసుకో చూద్దాం’ అంది. ఊరి నోరే పెద్దది. మరి చట్టం వృథాయేనా? కాదు. ఆ పెళ్లికి పుట్టిన పిల్లలు వారసులవుతారని, ఆ దంపతుల్ని కోర్టు భార్యాభర్తలుగానే చూస్తుందని ఒక ఆధారం లేకపోతే, వీరేశలింగం ఎంత ధైర్యవంతుడైనా ఒక చిన్నపిల్లని ఆ నిప్పుల్లోకి నడిపించగలిగేవాడా? చట్టం పాతికేళ్లు ఎదురుచూసింది, ఎత్తే గొంతు కోసం.

శారదా చట్టం కథ ఇంకా చేదు. ఆడపిల్లకి 14, మగపిల్లాడికి 18 నిండకుండా పెళ్లి చేయకూడదని 1929లో చేసిన ఆ చట్టం 1930 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. ఆ తేదీ దాటితే కుదరదని ముందుగానే పసిపిల్లలకి హడావుడిగా తాళి కట్టించినవాళ్లు లెక్కలేనంతమంది. తర్వాత కూడా మనవాళ్లకి ఒక దారి దొరికింది. యానాం. అది ఫ్రెంచివారి పాలనలో ఉండేది, శారదా చట్టం అక్కడ చెల్లదు. చుట్టుపక్కల జిల్లాల నుంచి పిల్లల్ని తీసుకెళ్లి అక్కడ పెళ్లిళ్లు చేసుకొచ్చేవారు. ఆ ఊరికి కళ్యాణపురం అని పేరు పడిపోయింది. అరవై అయిదేళ్ల తర్వాత సంపూర్ణ మద్య నిషేధం వచ్చినప్పుడు సీసాలు వచ్చిన దారుల్లో అదే యానాం ఒకటి.

మద్య నిషేధం చూడండి, ఒకే ఉద్యమం నుంచి పుట్టిన రెండు నిషేధాలకి రెండు గతులు పట్టాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. మంట రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం మద్యం మొత్తాన్నీ నిషేధించింది. 1997కి అది సడలిపోయింది. సారా దుకాణాలు మాత్రం ఆ తర్వాత తిరిగి తెరుచుకోలేదు. నాటుసారా దొంగగా కాస్తూనే ఉన్నారు, అది వేరే గోల. నాకు తోచిన కారణం ఇది: సారా దుకాణం ఊరి మధ్య ఉండేది, అందరికీ కనబడేది, దాని ముందు నిలబడి అరవడానికి ఊళ్లో ఆడవాళ్లున్నారు. ఆ నోరు చట్టం కంటే ముందు పుట్టింది, చట్టం దానికి తోడు నిలిచింది. ఒడిశా నుంచో యానాం నుంచో డిక్కీలో వచ్చి నాలుగు గోడల మధ్య తెరుచుకునే సీసా ముందు నిలబడి అరిచేదెవరు? అక్కడ పక్కవాడంటే తాగడానికి పిలిచిన స్నేహితుడే.

ఇక కట్నం. ఈ వ్యాసం మొదలుపెట్టింది దీని కోసమే అనుకున్నా తప్పులేదు.

గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ ముందుమాటలో ఒక లెక్క ఉంది. విజయనగరం మహారాజా కోసం నాటి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన శుల్క వివాహాల జాబితా తయారుచేస్తే 1,034 తేలాయి. అయిదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44 మంది, మూడేళ్లవాళ్లు 36 మంది, రెండేళ్లవాళ్లు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. డబ్బు పుచ్చుకున్నామని ఒప్పుకోవడానికి చాలామంది ఇష్టపడలేదు కాబట్టి జాబితా పూర్తిది కాదని కూడా ఆయనే రాశాడు. ఆ ఆచారం తర్వాతి రెండు మూడు తరాల్లో మాయమైంది. పోలీసులు వచ్చి మాన్పించింది కాదు. చదువుకుని ఉద్యోగంలో చేరిన వరుడికి గిరాకీ పెరిగి, డబ్బు పారే దిశ మారిపోయింది. పెళ్లికూతురికి కట్టిన ధర పోయి పెళ్లికొడుక్కి ధర వచ్చింది.

ఆ ధరని చట్టం ఆపాలనుకుంది. కట్నం మీద నిషేధం తేవడంలో మన రాష్ట్రం దేశం కంటే ముందుంది, 1958లోనే సొంత చట్టం చేసుకుంది. 1961లో కేంద్ర చట్టం వచ్చి దాని స్థానం తీసుకుంది. ఇప్పుడున్న రూపంలో కట్నం తీసుకున్నా, ఇచ్చినా కనీసం అయిదేళ్ల జైలు, 15,000 రూపాయలు లేదా కట్నం విలువ, ఏది ఎక్కువైతే అంత జరిమానా. ఇంత కఠినమైన చట్టం పుస్తకంలో ఉండగానే స్టీల్ ప్లాంటు అబ్బాయికి ఎంత, బ్యాంకు అబ్బాయికి ఎంత, సాఫ్ట్‌వేర్ అబ్బాయికి ఎంత అన్నది తాంబూలాల ముందు నడిగదిలో కూర్చుని మాట్లాడుకుంటాం. లాంఛనాలు వేరు, ఆడపడుచు కట్నం వేరు.

ఆ గదిలో పక్కవాడు ఎవరో చూడండి. మధ్యవర్తి, మేనమామ, పెద్దనాన్న, పొరుగింటాయన. పది మంది సాక్షుల ఎదుట జరిగే నేరం ఇది. ఆ పదిమందిలో ప్రతి ఒక్కరికీ పెళ్లి కావాల్సిన కొడుకో కూతురో ఉంటుంది. కొడుకున్నవాడికి రేపు తీసుకోవాలని ఉంటుంది, కూతురున్నవాడికి రేపు సంబంధం దొరకదేమోనని భయం ఉంటుంది. ఇచ్చే తండ్రి నోరెత్తితే సంబంధం పోతుంది, పైగా ఇచ్చినందుకు తానూ నేరస్థుడే. నేరం ఇద్దరిమీదా మోపేసరికి చట్టం వాళ్లిద్దర్నీ ఒకే కట్టుకి కట్టేసి, రహస్యం దాచడంలో భాగస్వాముల్ని చేసింది. ఈ పొరపాటు తర్వాత చట్టసభకీ అర్థమైంది. బాధితులు తమకు జరిగింది చెప్పుకుంటే ఆ మాట ఆధారంగా వాళ్లమీద కేసు పెట్టకూడదని సవరణ చేశారు. ఆ సవరణ సంగతి తెలిసిన ఆడపిల్ల తండ్రి నాకు ఇంతవరకు తారసపడలేదు.

అందుకే కట్నం కేసులు పెళ్లి ముందు రావు, కాపురం కూలిపోయాక వస్తాయి. అత్తింటి క్రూరత్వాన్ని నేరం చేస్తూ 1983లో 498ఏ సెక్షన్ వచ్చింది (2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహితలో అది 85వ సెక్షన్). అది ఎంతోమంది కోడళ్ల నోటికి బలమిచ్చింది. ఆ బలాన్ని కొందరు తప్పుగానూ వాడారన్న వాదన వచ్చి, ఫిర్యాదు రాగానే యాంత్రికంగా అరెస్టులు చేయవద్దని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. నోటికిచ్చిన బలం ఎప్పుడూ రెండు వైపులా పదునే. బీచ్ రోడ్డులో కూర్చున్న జంట దగ్గరికెళ్లి ‘ఏం చేస్తున్నారిక్కడ?’ అని నిలదీసేవాడు కూడా తాను చట్టం పక్షాన ఉన్నాననే అనుకుంటాడు. అతనికి ఆ అధికారం ఏ చట్టమూ ఇవ్వలేదు, తనే తీసుకున్నాడు. ఏ నోటికి బలమివ్వాలో తేల్చుకోవడం ఎంత ముఖ్యమో, ఏ నోటికి ఇవ్వలేదో గట్టిగా చెప్పడమూ అంతే ముఖ్యం.

ప్లాస్టిక్ సంగతి ఎక్కువ చెప్పను. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ని మన నగరపాలక సంస్థ 2022 జూన్ 5 నుంచి, అందులో కొన్ని వస్తువుల్ని కేంద్రం జులై 1 నుంచి నిషేధించాయి. రోడ్డు మీద తోపుడు బండివాడిని కవరు ఇవ్వొద్దంటే, కొనేవాడు రెండో బండికి పోతాడు. ప్రతి కవరూ రెండు రూపాయల బేరానికి ముడిపడి ఉంది. రైతుబజార్‌లో పరిస్థితి కొంత నయం. అక్కడ ధరల బోర్డు అందరికీ ఒకటే, ‘మా దగ్గర లేదమ్మా, ఇక్కడెవరి దగ్గరా లేదు’ అనగలిగే వీలుంది. ఆ ‘ఎవరి దగ్గరా’ అన్న ఒక్క ముక్క కోసమే హార్బర్‌లో బోట్లు కూడా ఆగుతున్నాయి.

చివరగా మా ఇంట్లో జరిగినది. ఆడపిల్లలకి పిత్రార్జితంలో మగపిల్లలతో సమానంగా వాటా ఇచ్చే సవరణని ఆంధ్రప్రదేశ్ 1985 నుంచే వర్తించేలా తెచ్చింది. అప్పటికే పెళ్లయిపోయినవాళ్లకి అది వర్తించలేదు. 2005లో కేంద్రం దేశమంతటికీ సవరణ చేసినప్పుడు వాళ్లకీ హక్కు వచ్చింది. తండ్రి అప్పటికి బతికి ఉన్నాడా లేడా అన్నదానితో పని లేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. మా అమ్మ పెళ్లి 1983లో. తన వాటా గురించి ఆవిడ నోట ఒక్క మాట నేను వినలేదు. ‘నీ వాటా నీ పెళ్లికే అయిపోతుంది’ అని చిన్నప్పుడే చెప్పి ఉంచారు. మా ఇళ్లలో చట్టం వచ్చింది, వెళ్లింది, ఎవరూ లేచి నిలబడలేదు.

2021లో ఆనందపురం వైపున్న తాతల నాటి భూమి అమ్మకానికి వచ్చింది. కొనేవాళ్ల లాయరు కాగితాలు చూసి, ఆడపిల్లల సంతకాలు లేకుండా రిజిస్ట్రేషన్ కుదరదన్నాడు. పెద్ద మావయ్య అరటిపళ్లు, చీర, జాకెట్టు ముక్క పట్టుకుని మా ఇంటికొచ్చాడు. ‘చెల్లీ, ఎల్లుండి ఓ సంతకం పెట్టడానికి రావాలి’ అన్నాడు, ఎప్పటిలాగే ప్రేమగా. ఆయన చెడ్డవాడు కాదు. అడగాల్సిన అవసరం ఆయనకి నలభై ఏళ్లుగా రాలేదు, అంతే.

అమ్మ కాఫీ ఇచ్చింది. ‘ఏటి కాగితం అన్నయ్యా?’ అంది. రిలీజు డీడని, అంటే వాటా వదులుకుంటున్నట్టు రాసిచ్చే కాగితమని ఆయన చెప్పాడు. ‘ఇక్కడ పెట్టి వెళ్లు, చదివి చెప్తాను’ అంది. నేను పక్క గదిలోంచి విన్నాను. అమ్మ అన్నగారితో అలా మాట్లాడటం అదే మొదటిసారి. పది రోజులు ఫోన్లు నడిచాయి. విజయనగరంలో ఉన్న పెద్దమ్మ మొదట భయపడింది, పుట్టింటి దారి మూసుకుపోతుందేమోనని. తర్వాత ఆవిడే అమ్మ కంటే గట్టిగా మాట్లాడింది. చివరికి ఇద్దరికీ ఏదో ముట్టింది. చట్టం ప్రకారం రావాల్సిన దానికంటే చాలా తక్కువ, అంతవరకు ఎవరూ అనుకున్న దానికంటే చాలా ఎక్కువ.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఆ రోజు ఉక్కపోత. మధ్యవర్తి తొందరపెడుతున్నాడు, సంతకం ఎక్కడెక్కడో పెన్సిల్‌తో గుర్తులు పెట్టి ఉంచాడు. అమ్మ కళ్లజోడు తుడుచుకుని, మొదటి పేజీ తిప్పి, లైను కింద వేలు పెట్టుకుని చదవడం మొదలుపెట్టింది. మొత్తం ఏడు పేజీలు. మావయ్య పక్కనే నిలబడి, ఏమీ అనకుండా, ఆవిడ చదవడం అయ్యేదాకా ఆగాడు.